కాకినాడ జిల్లా హాస్యపాతం

మా ఆయన కార్టూన్లు చూసి నవ్వడం మొదట మా ఇంటి వ్యవహారం. కార్తీకం వచ్చేసరికి అది ప్రభుత్వ వ్యవహారం అయింది.

మా పెళ్ళి వైశాఖంలో జరిగింది. ఆషాఢంలో పద్ధతి ప్రకారం నన్ను పుట్టింటికి తీసుకుపోయారు. శ్రావణంలో రామారావుపేటలో మేడమీద రెండు గదుల వాటా తీసుకుని కాపురం పెట్టాం. కొత్త దంపతుల్ని విడదీసే హక్కు ఆషాఢానికి ఒక్కదానికే ఉందనుకున్నాను. రాష్ట్ర వర్షమాపక శాఖకి కూడా ఉందని అప్పటికి తెలియదు.

కొత్త కాపురంలో అన్నీ బాగుంటాయి. కుళాయి తిప్పితే నీళ్ళు రావడం బాగుంటుంది. పాలవాడు "అమ్మగారూ" అన్నది నన్నేనని కాసేపటికి తెలియడం బాగుంటుంది. పెళ్ళికి చదివించిన ఫ్లాస్కులన్నీ అలమరలో వరసగా పెట్టుకుని చూడటం బాగుంటుంది. వాటిలో పొడుగ్గా ఉన్నదానికి ఫోను ఆనించి, మధ్యలో మరమరాల మిక్చరు పళ్ళెం పెట్టుకుని, సాయంత్రాలు ఇద్దరం కార్టూన్లు చూడటం అన్నిటికంటే బాగుంటుంది.

మా ఆయన అనిరుధ్‌కి పాతరకం ఇష్టం. అందులో ఒక కాపలావాడు ఒక మేకని తరుముతాడు. మేక నీళ్ళ ట్యాంకు ఎక్కుతుంది. వాడూ ఎక్కుతాడు. మేక మెట్లమీంచి దిగిపోతుంది. వాడు దిగడు, పడతాడు. పడి అప్పడంలా అయిపోయి, కాసేపు గాలికి ఎగిరి, మళ్ళీ మనిషై మేక కోసం బయల్దేరతాడు. ఇది ఎన్నిసార్లు చూసినా మా ఆయన నవ్వుతారు. ఆయన నవ్వులో ముందు ఒక గుటక ఉంటుంది. అది వినపడిందంటే పళ్ళెం దూరంగా జరపాలి.

నాకు కొత్తరకం ఇష్టం. అందులో ఒక నత్త పోస్టాఫీసు అరుగుమీద కూర్చుని ఉత్తరం కోసం ఎదురుచూస్తుంది. వాన పడుతుంది. పోస్టుమాస్టరు కప్ప టీ పెడుతుంది. ఆవిరి పైకి లేస్తుంది. నత్త ఆ ఆవిరి వంక చూస్తుంది. అంతే, ఆ భాగం అయిపోతుంది. నాకు కళ్ళు చెమరుస్తాయి.

"ఉత్తరం వచ్చిందా?" అంటారు మా ఆయన, ఆవలిస్తూ.

"రాలేదు."

"మరి ఏడుస్తావేం?"

"బాగుంది కాబట్టి."

"కప్ప ఒక్కసారైనా నత్తని తన్నదా?"

"తన్నదండీ."

"కనీసం టీ అయినా ఒలకదా?"

"మీకు మేకలు తప్ప పనికిరావు."

ఈ తేడా మా ఒక్క ఇంట్లోదే కాదు. పూర్వం పిల్లలు టీవీ ముందు కూర్చుంటే పెద్దలు వచ్చి కట్టేసేవారు. ఇప్పుడు మా ఎదురింటి బ్యాంకు మేనేజరు గారు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక ఎలుగుబంటి ఒంటరిగా చేపలు పట్టే బొమ్మల కథ చూస్తుంటే, ఆయన కొడుకు వచ్చి "నాన్నా, ఇంక చాలు, పడుకో" అంటున్నాడు.

ఈ సంగతి మా కంటే ఆలస్యంగా వర్షమాపక శాఖ కమిషనర్ గారికి తెలిసింది. అక్కణ్ణుంచే కథ మొదలు.

ముందు ఆ శాఖ పని చెప్పాలి. కాకినాడ జిల్లా కార్యాలయం ఆవరణలో ముళ్ళకంచె మధ్య ఒక ఇనప డబ్బా ఉంటుంది. పొద్దున్న ఎనిమిదిన్నరకి అందులో ఇత్తడి స్కేలు ముంచి, ఎంత వాన పడిందో చూసి ప్రధాన కార్యాలయానికి పంపాలి. డబ్బాలో పడ్డదే జిల్లా అంతటా పడ్డట్టు. డబ్బాలో పడనిది పడనట్టే. చుట్టూ చెట్టూ గోడా ఏ అడ్డూ ఉండకూడదు. మా ఆయన అక్కడ జూనియర్ అసిస్టెంటు. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నారు. అంటే ఎవరు ఏం చెప్పినా "అలాగేనండి" అనే దశ.

కమిషనర్ గారు ఏదో సదస్సుకి వెళ్ళి వచ్చారు. రాగానే ఒక సర్క్యులర్ వచ్చింది. సూపరింటెండెంటు వీర్రాజు గారు దాన్ని అందరినీ నిలబెట్టి చదివారు.

"ఇందుమూలముగా సమస్త జిల్లా అధికారులకు తెలియజేయునది. పూర్వకాలమున కార్టూన్లను పిల్లలు చూచెడివారు. పెద్దలు దినపత్రికలో కాఫీతోపాటు ఒకటి చూచి, నవ్వి, పత్రికను మడిచెడివారు. ప్రస్తుతము పిల్లలు కార్టూన్లు మానిరి. పెద్దలు మొదలుపెట్టిరి. పెద్దలు వాటిని చూచి నవ్వుటకు బదులు ఆలోచించుచున్నారు. ఇది ప్రగతి. కావున ఉద్యోగుల మానసిక వికాసార్థము ప్రతి జిల్లా కార్యాలయమున దినమునకొక గంట కార్టూన్ వీక్షణ జరుపవలెను. తత్ఫలితముగా కలుగు నవ్వును కొలిచి పంపవలెను."

నవ్వకపోవడం ప్రగతి అని మధ్యలో అన్నారు. నవ్వు కొలిచి పంపమని చివర అన్నారు. మధ్యది కమిషనర్ గారు రాసి ఉంటారనీ, చివరిది అలవాటుకొద్దీ టైపిస్టు చేర్చి ఉంటాడనీ శాఖలో అనుకున్నారు. పైవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.

జిల్లా అధికారి నేమాని సత్యప్రసాద్ గారు సమావేశం పెట్టారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు శాఖలో లేరు. ఉద్యోగ విరమణ చేసినవాళ్ళలో కూడా లేరు.

"వీర్రాజు గారూ, నవ్వును ఏ కొలమానంతో నమోదు చేస్తారు?"

"మన దగ్గరున్నది ఒకటే కదండీ. మిల్లీమీటర్లు."

"సరి. శాఖకి సొంత కొలమానం ఉండగా బయట వెతకడం క్రమశిక్షణ కాదు. పద్ధతి?"

"నవ్వితే పెదాలు ఇడిపోతాయి కదండీ. ఆ మధ్యలో స్కేలు పెట్టేత్తాం. ఎంతుంటే అంత."

"దానికి పేరు ఉండాలి."

"వర్షపాతం లాగా హాస్యపాతం అనుకుందామండీ. తేలికపాటి, మోస్తరు, భారీ, అతి భారీ. కాయితాలు కూడా పాతవే వాడేసుకోవచ్చు."

"అందరి నోళ్ళూ కొలవాలా?"

వీర్రాజు గారు నొచ్చుకున్నారు. "జిల్లాకి ఒక్క మాపకం చాలని మన రూలండీ. అన్ని డబ్బాలు పెడితే లెక్కలు కలవవు."

ఆ ఒక్క మాపకాన్ని ఎంపిక చేయడం కష్టం కాలేదు. కళ్ళజోడు లేనివాడు, పళ్ళు వరసగా ఉన్నవాడు, ప్రొబేషన్‌లో ఉన్నవాడు ఆఫీసులో ఒక్కరే. మర్నాడు పొద్దున్న కంచె మధ్యలోంచి ఇనప డబ్బా తీసి వరండాలో పెట్టారు. దాని స్థానంలో స్టూలు వేసి మా ఆయనని కూర్చోబెట్టారు. టీవీ దగ్గరగా పెడితే అది అడ్డంకి కిందికి వస్తుందని దాన్నీ వరండాలోనే పెట్టారు. మా ఆయనకి అక్కణ్ణుంచి బొమ్మలు అగ్గిపుల్లలంత కనిపించేవి. వరండా కింద ఉన్న డబ్బాలో చుక్క పడలేదు కనుక ఆ వారం కాకినాడలో వాన పడలేదు. కూరగాయలు తెస్తూ నేను మాత్రం తడిసిపోయాను.

ఆయన ఏడింటికే వెళ్ళి కంచెలో కూర్చోవాలి. తిని వెళ్ళడానికి వీలయ్యేది కాదు. అందుకని మా ఇద్దరి పేర్లూ కొట్టించిన కొత్త క్యారియర్‌లో టిఫిను పెట్టుకుని ఎనిమిదింటి తర్వాత నేను వెళ్ళేదాన్ని. కంచె లోపల భర్తని పెట్టుకుని బయట నిలబడి ఇడ్లీ అందించడం కూడా, చెప్పాలంటే, బాగానే ఉండేది.

మొదటి వారం కాపలావాడూ మేకా వేశారు. అంత దూరాన్నుంచీ వాడు పడటం మా ఆయనకి తెలిసింది. జిల్లాలో భారీ హాస్యపాతం నమోదైంది. ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వస్తుందని ఎదురుచూస్తుంటే ఆమోదిత కార్టూన్ల జాబితా వచ్చింది.

మేక కార్టూన్‌ని కొట్టేశారు. కారణాలు కూడా ఇచ్చారు. "కాపలావాడు ప్రభుత్వోద్యోగి అయి ఉండుటకు అవకాశము కలదు. నీళ్ళ ట్యాంకు ప్రజల ఆస్తి. అనుమతి లేక అధిరోహించుట, పదే పదే పడుట, పడిన పిమ్మట వైద్య సెలవు పెట్టకుండుట తప్పుడు సంకేతములు. పరిణతి చెందిన పెద్దలకు తగదు."

నా నత్తని ఆమోదించారు. "దరఖాస్తుదారు ఎట్టి ఫిర్యాదును చేయక, ప్రత్యుత్తరము కొరకు కార్యాలయము వెలుపల ఓపికతో వేచియున్నది. పౌరులకు ఆదర్శము."

నాకిష్టమైన నత్త ప్రభుత్వానికి కూడా ఇష్టమని తెలిశాక నాకు దానిమీద మొదటిసారి కాస్త అనుమానం వచ్చింది.

ఇక రోజూ పొద్దున్న గంటసేపు నత్త. దూరం నుంచి అది నత్తో, టీవీ మీద మరకో కూడా తెలిసేది కాదు. వీర్రాజు గారు కంచెలోకి వెళ్ళి, మా ఆయన మూతి దగ్గర స్కేలు పట్టుకుని నిలబడేవారు. ఆయనకి జాలి.

"మా రోజుల్లో కార్టూన్ అంటే అగ్గిపెట్టంత బొమ్మ బాబూ. కింద ఒక్క ముక్క. పేపరోడు ఏసి ఎళ్ళాక ముందు అదే చూసేవోణ్ణి. ఆ ఒక్కటీ రోజంతా వచ్చేది. భోజనాల కాడ గుర్తొచ్చి మళ్ళీ నవ్వేవోళ్ళం. ఇప్పుడేటి, గంటసేపు చూపిత్తున్నారు, ఒక్క మిల్లీమీటరు రావట్లేదు. నా బల్ల అద్దం కింద పాతవి దాచాను, తెచ్చి చూపించనా?"

"ఆమోదిత జాబితాలో లేవేమోనండి," అన్నారు మా ఆయన.

"మరే," అని వీర్రాజు గారు స్కేలు తుడుచుకున్నారు.

అయినా రోజూ సరిగ్గా ఎనిమిదిన్నరకి ముందు ఓ మోస్తరు జల్లు పడుతూనే ఉంది. నత్త వల్ల కాదు. ఆ వేళకి నేను గేటులోంచి వచ్చేదాన్ని. నన్ను చూడగానే గుటక, ఆ వెనకే నవ్వు. వీర్రాజు గారు గబగబా స్కేలు పెట్టి రాసుకునేవారు.

"నన్ను చూస్తే నవ్వెందుకొస్తుందండీ? కోతిలా ఉన్నానా?" అని అడిగాను ఓసారి, కంచె సందులోంచి చట్నీ గిన్నె అందిస్తూ.

"లేదు. క్యారియర్ని పసిపిల్లలా ఎత్తుకొస్తావు. అయినా అది కాదులే. వస్తుందంతే."

"వస్తే రానివ్వండి," అన్నాను. ఆ రోజంతా నేను ఇంట్లో దేనికీ విసుక్కోలేదు. గ్యాసుమీద పాలు పొంగినా సరే.

ఈలోగా పక్క జిల్లావాళ్ళు లోటు చూపించారు. లోటు చూపించినవాళ్ళకి కమిషనర్ గారు సహాయ చర్యలు మంజూరు చేశారు. ఏసీ హాలు, వెనక్కి వాలే కుర్చీలు, గోడంత తెర, పాప్‌కార్న్ మిషను, ఊరూరా తిరిగి "దయచేసి నవ్వండి" అని చెప్పడానికి మైకు కట్టిన జీపు. సత్యప్రసాద్ గారు ఆ జీపుని స్వయంగా వెళ్ళి చూసొచ్చారు. వచ్చి మన రిజిస్టరు తెప్పించుకుని, రోజూ పడుతున్న ఆ జల్లుని చూశారు. మర్నాడు నన్ను లోపలికి పిలిపించారు.

"కూర్చోండమ్మా. మీరు రోజూ కంచె దగ్గరికి రావడం వల్ల జిల్లా ప్రజానీకానికి అన్యాయం జరుగుతోంది."

"ఇడ్లీలు తెస్తున్నానండీ."

"ఇడ్లీల విషయంలో శాఖకి అభ్యంతరం లేదు. మీ విషయంలో ఉంది. మీరు వచ్చినప్పుడల్లా పాతం నమోదవుతోంది. పాతం నమోదైతే లోటు రాదు. లోటు రాకపోతే కరువు రాదు. కరువు రాకపోతే జీపు రాదు. అర్థమైంది కదా?"

"ఆయన నవ్వకపోతే జీపు వస్తుందన్నమాట."

"విషయాన్ని అలా వ్యక్తిగతం చేయకూడదు. మీవారి ప్రొబేషన్ నా సంతకంతో పూర్తవుతుందని మాత్రం మనవి చేస్తున్నాను."

మర్నాటి నుంచి మా ఆయన రాత్రి చేసిన చపాతీలు కాగితంలో చుట్టుకుని వెళ్ళారు. నేను వెళ్ళలేదు. రీడింగు సున్నా. ఆ మర్నాడూ సున్నా. కొంతకాలానికి కాకినాడని నవ్వు కరువు జిల్లాగా ప్రకటించారు. "రాగల ఇరవై నాలుగు గంటల్లో ఒకటి రెండుచోట్ల చిరునవ్వులు తప్ప జిల్లాలో పొడి వాతావరణం నెలకొంటుంది" అని పేపర్లో వేశారు. అది చదివి జగన్నాథపురం వంతెన దగ్గర ఆటోవాళ్ళు పడీ పడీ నవ్వారు. మెయిన్ రోడ్డులో బట్టల కొట్టువాళ్ళు పేపరు చేతులు మార్చుకుని నవ్వారు. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయన ఎంత నవ్వాడంటే ఒక చొక్కా కాలింది. అవేవీ లెక్కలోకి రావు. వాళ్ళంతా కంచె బయట ఉన్నారు.

సత్యప్రసాద్ గారు ఏసీ హాలుకి స్థలం కూడా చూసుకున్నారు. ఆ సమయంలో ప్రధాన కార్యాలయంలో ఎవరో పాత నిబంధన తిరగేశారు. దాని ప్రకారం, పొరుగు కేంద్రాల్లో అంతో ఇంతో పడుతున్నా వరసగా సున్నాయే చూపే మాపకాన్ని దోషయుక్తంగా భావించాలి. భావించి, మారేడుమిల్లి దాటాక కొండమీద ఉన్న శాఖవారి మరమ్మతు కేంద్రానికి పంపాలి. మరమ్మతు పూర్తయ్యేవరకు అక్కడే ఉంచాలి.

ఆ కేంద్రం గురించి వీర్రాజు గారు మా ఆయనకి మెల్లగా చెప్పారట. "ఒకటే గదండీ. ఒకటే మంచం. ఫ్యామిలీకి పర్మిషన్ లేదు. చుట్టూ తుప్పట్టిన డబ్బాలు. ఎళ్ళినవి ఎనక్కొచ్చినట్టు నాకు తెలీదు. మరమ్మతు చేసేవోడి పోస్టు మా మావగారు రిటైరైన కాణ్ణుంచి ఖాళీ."

కరువు నిజమో కాదో తేల్చడానికీ, మాపకాన్ని పరిశీలించడానికీ ఒక్కసారే పైనుంచి బృందం వస్తోందని తెలిసింది. ఆ సాయంత్రం మా ఆయన ఫోను ఫ్లాస్కుకి ఆనించారు కానీ ఏమీ పెట్టలేదు. నల్లటి తెర వంకే ఇద్దరం చూస్తూ మిక్చరు తిన్నాం.

"నవ్వితే పెద్దాయన ప్రొబేషన్ ఆపేస్తారు. నవ్వకపోతే కొండ," అన్నారు.

"సగం నవ్వండి."

"సగం నవ్వితే సగానికి లెక్క రాస్తారు. అప్పుడు ఇద్దరికీ కోపం."

"వాళ్ళు స్కేలు తీసేశాక నవ్వండి."

"హారికా, నాకు అసలు రావట్లేదు. పొద్దున్న అద్దంలో ప్రయత్నించాను. పంటి డాక్టరుకి చూపిస్తున్నట్టు ఉంది."

చూపించారు. నిజంగానే అలాగే ఉంది. మామూలుగా అయితే అది చూసి నాకు నవ్వు రావాలి. రాలేదు. ఒకే మంచం ఉన్న గది నాకు కళ్ళకి కట్టింది. ఆషాఢమంటే నెల తిరిగేసరికి వెళ్ళిపోతుంది. ఖాళీ పోస్టు ఎప్పటికి నిండుతుందో ఎవరు చెప్పగలరు? కొండమీద కూర్చోబెట్టాక ఆయనకి ప్రొబేషన్ పూర్తయితే మాత్రం నాకేం లాభం అనుకున్నాను. అనుకుని, పొద్దుటికి మినప్పప్పు నానబోశాను.

బృందానికి పెద్ద కొమరగిరి అనసూయాదేవి గారు. జాయింట్ డైరెక్టరు. జుట్టు గట్టిగా ముడేసుకుని, చేతిగడియారం లోపలివైపుకి పెట్టుకుని, అడిగినదానికి తప్ప మాట్లాడని మనిషి. ఆవిడ వెంట ఫైళ్ళు మోసే ఇద్దరు ఉన్నారు కానీ వాళ్ళు అడిగినా మాట్లాడరు. షామియానా వేస్తే అడ్డంకి అవుతుందని వాళ్ళ కుర్చీలు ప్రహరీ పక్కకి వేశారు. నేను గేటు బయట బాదం చెట్టు కింద క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను.

టీవీలో నత్త మొదలైంది. వాన. కప్ప. టీ. ఆవిరి. వీర్రాజు గారు స్కేలు పట్టుకున్నారు. మా ఆయన పెదాలు బిగించి కూర్చున్నారు. సత్యప్రసాద్ గారు పక్క జిల్లా జీపు రంగు గుర్తుచేసుకుంటున్నట్టుగా కళ్ళు అరమోడ్చారు.

"రీడింగు?" అన్నారు అనసూయాదేవి గారు.

"సున్నా అండీ."

"కరువు ధ్రువీకరించవచ్చు. మాపకం దోషయుక్తం. పంపే ఏర్పాట్లు చెయ్యండి," అని ఆవిడ కలం మూత తీశారు.

నేను గేటు తోసుకుని లోపలికి నడిచాను. గేటు దగ్గర బంట్రోతు "అమ్మా, వద్దమ్మా" అన్నాడు. నేను క్యారియర్ని ఇంకాస్త గుండెలకి ఎత్తి పట్టుకున్నాను.

గుటక వినపడింది.

ఆ తర్వాత మా ఆయన నవ్వారు. ఇన్నాళ్ళ బాకీ అంతా ఒక్కసారే తీర్చారు. స్టూలు ఒక కాలిమీద లేచింది. వీర్రాజు గారు స్కేలు పెట్టారు, అది చాలలేదు, నిలువుగా తిప్పి పెట్టారు. "అతి భారీ అండీ," అన్నారు.

"మేడమ్, అది బయటి నవ్వు," అన్నారు సత్యప్రసాద్ గారు లేచి.

"పడింది కంచె లోపలే కదండీ. నేను చూశాను." అనసూయాదేవి గారు కలం మూత పెట్టి, నా వంక మొదటిసారి చూశారు. "ఎవరమ్మా నువ్వు?"

"వాళ్ళావిణ్ణండీ."

"ఎన్నాళ్ళైంది?"

"వైశాఖంలో అండీ."

"గేటు బయటికి వెళ్ళు."

వెళ్ళాను. నవ్వు ఆగింది. రమ్మన్నారు. వచ్చాను. నవ్వు మొదలైంది. టీవీ కట్టెయ్యమన్నారు. కట్టేసినా నవ్వు తగ్గలేదు. ఈసారి మా ఆయనని కళ్ళు మూసుకోమన్నారు. నా పట్టీల చప్పుడుకి నవ్వారు. పట్టీలు తీసి చేత్తో పట్టుకుని రమ్మన్నారు. అడుగు చప్పుడు లేకుండా వచ్చాను. కాసేపు ఏమీ లేదు. అంతలో గాలి అటు తిరిగింది. కొబ్బరి చట్నీ పోపు వాసన వెళ్ళినట్టుంది, కళ్ళు మూసుకునే నవ్వారు. ఫైళ్ళు మోసే ఇద్దరిలో ఒకాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

అనసూయాదేవి గారు అన్నీ రాసుకుని, శాఖ తరఫున గొంతు సవరించుకున్నారు.

"కొండ పక్కన పెట్టిన మాపకం చూసే ఉంటారు. కొండకి మబ్బు తగిలి అక్కడే కురిసేస్తుంది. ఊరంతా ఎండిపోయినా డబ్బా నిండుతుంది. అది డబ్బా దోషం కాదు. పక్కన కొండ ఉంది." కలంతో నన్ను చూపించారు. "ఇది కొండ."

నన్ను ఎవరైనా కొండ అంటే మామూలుగా ఒప్పుకోను. ఆ రోజు ఒప్పుకున్నాను.

"అయితే కొండని తొలగిద్దాం మేడమ్. ఆవిణ్ణి రావద్దంటే సరి," అన్నారు సత్యప్రసాద్ గారు.

"కొండల్ని తొలగించే అధికారం మనకి లేదు. మాపకాన్నే తప్పించాలి."

"మరి జిల్లాకి మాపకం? ఈ సున్నాలన్నీ ఏం కావాలి? కరువు ఏం కావాలి?"

"ఇంకో మాపకాన్ని పెట్టుకోండి. దగ్గర్లో కొండ, చెట్టు, గోడ, ఏ ప్రభావమూ లేనిది చూసుకోండి. కరువు నిజమైతే అదే చూపిస్తుంది."

అందరూ ఒకరి పళ్ళు ఒకరు చూసుకున్నారు. వీర్రాజు గారు స్కేలు రెండు చేతులతో పట్టుకుని, వినయంగా ఒక అడుగు ముందుకు వేశారు.

"ఎవరొచ్చినా, ఏం చూపించినా ఒక్క మిల్లీమీటరు కదలని మాపకం మన కాడ ఒకటుందండీ. సర్వీసంతా చూశాను. అంత నమ్మకమైంది రాష్ట్రంలో ఉండదు." అని సత్యప్రసాద్ గారి వంక చూశారు.

సత్యప్రసాద్ గారు మొదట అభ్యంతరం చెప్పబోయారు. అంతలో ఆయనకి జీపు గుర్తొచ్చినట్టుంది. కోటు గుండీలు పెట్టుకుని, కంచె తలుపు తీయించుకుని, లోపలికి వెళ్ళి స్టూలుమీద కూర్చున్నారు. టీవీ పెట్టారు. వాన, కప్ప, టీ. స్కేలు పెట్టారు. సున్నా. ఆయన మొహంలో సంతృప్తి ఉండి ఉంటుంది కానీ అది కొలతకి అందలేదు. కాకినాడ కరువు నిలబడింది.

బృందం వెళ్ళేముందు అనసూయాదేవి గారు కారు దగ్గరికి నన్ను ఒక్కదాన్నే పిలిచారు. క్యారియర్ వంక చూశారు. మూత తీశాను. ఆవిడ నిలబడే ఒక ఇడ్లీ తిన్నారు.

"ఆ నత్తకి," అన్నారు చెయ్యి తుడుచుకుంటూ, అటూ ఇటూ చూసి, "చివరికి ఉత్తరం వచ్చిందా?"

"ఇంకా రాలేదండీ. మీరు చూస్తారా?"

"మా మనవలు చూడరు. వాళ్ళకి బోరట. నేనే తలుపేసుకుని చూస్తాను. కప్ప రెండో కప్పులో టీ పోస్తుందే, నత్త కోసం, అక్కడిదాకా వచ్చాను."

"అది ఎవరూ తాగరు. చల్లారిపోతుంది. నాకు అక్కడే కళ్ళల్లో నీళ్ళొస్తాయండీ."

"చెప్పకు," అన్నారావిడ. కారెక్కి, తలుపు వేసుకుని, మళ్ళీ జాయింట్ డైరెక్టరు అయిపోయారు.

ఉత్తర్వు రావడానికి కొంత సమయం పట్టింది. ఆ మధ్యంతా మా ఆయన ఆరింటికే లేచి, కంచెలోకి వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చి, మళ్ళీ పడుకునేవారు. ఏ రోజు ఏ కాగితం వస్తుందోనని నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. ఆయన్ని కొండమీదికి పంపే మాట ఇంకా ఎవరూ కొట్టెయ్యలేదు. చివరికి ఒక శనివారం మధ్యాహ్నం ఆయన కాగితం పట్టుకుని ఇంటికొచ్చారు. మేడమెట్ల మధ్యలోనే నిలబడి వీర్రాజు గారి గొంతుతో చదివారు.

"సదరు మాపకము సక్రమముగా పనిచేయుచున్నది. దోషము లేదు. మరమ్మతు అవసరము లేదు. కావున ప్రొబేషన్ పూర్తయినట్లు ప్రకటించడమైనది. అయితే తీవ్రమైన స్థానిక ప్రభావమునకు లోబడి ఉన్నందున జిల్లా అవసరములకు పనికిరాదు. స్థానిక వినియోగమునకు మాత్రమే ఉంచవలెను. ఎట్టి పరిస్థితులలోను స్థలము మార్చరాదు."

నేను కాగితం లాక్కుని రెండోసారి చదివాను. స్థలము మార్చరాదు అన్నచోట వేలు పెట్టి మూడోసారి చదివాను.

"స్థానికమంటే ఎవరు?" అన్నారాయన.

"ఇంకెవరు, నేనే."

ఆ సమయానికి కింద గ్యాసుబండి వచ్చింది. సిలిండరు వాకిట్లో దింపి వెళ్ళారు.

"వినియోగం మొదలుపెడుతున్నాను. దాన్ని పైకి తీసుకురండి," అన్నాను.

మా ఆయన కిందికి దిగి, సిలిండరు భుజానికెత్తుకుని మెట్లెక్కారు. నేను పైమెట్టుమీద కొండలా నిలబడి చూస్తున్నాను. సగం మెట్లెక్కాక తలెత్తి నన్ను చూశారు. సిలిండరు దింపి దానిమీదే కూర్చుండిపోయారు. ఆయన నవ్వుకి మెట్ల రెయిలింగు గణగణమంది.

కింద వాటా పిన్నిగారు తలుపు తీసుకుని బయటికొచ్చారు. "ఏమైందమ్మాయ్?"

"ఏం లేదండీ," అన్నాను. "స్థానికం."